ఆడవాళ్ళ గదిలో కుండ

ఇబ్రహీంపట్నం ముసలోళ్ళ ఇంట్లో నా భార్యను సరిగా చూసుకోలేదు. అందుకే ఆమె చనిపోయింది. దీని మీద నాకు ఎవరితోనూ వాదన లేదు.

అది రజాకార్ల చివరి ఏడు. ఫాల్గుణంలో బుగ్గమ్మ వాకిట్లో జారి పడింది. తుంటి విరిగింది. మంచాల అనే ఊరి నుంచి కట్టు కట్టేవాణ్ణి పిలిపించాను. వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నెల తర్వాత విప్పితే కాలు నేల మీద ఆనలేదు. ఆమెకు యాభై అయిదు, నాకు అరవై. పిల్లలు లేరు. నేను తెల్లవారకముందే వల భుజాన వేసుకొని చెరువుకు పోతే ఎండ ఎక్కాక గానీ రాను. అది చాలదన్నట్టు ఊళ్ళో రజాకార్ల క్యాంపు పడింది. మొదటి వల చేప వాళ్ళది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. కట్టెలు కొట్టమంటే కొట్టాలి, మూటలు మోయమంటే మోయాలి. లేవలేని మనిషిని ఇంట్లో పెట్టుకొని ఇవన్నీ ఎట్లా కుదురుతాయి.

హైదరాబాదు బాట పక్కన బాటసారులు దిగే ఒక పాత ముసాఫిర్‌ఖానా ఉండేది. నగరంలో ఉండే ఒక సేటు భార్య, భర్త పోయాక, దాన్ని దిక్కులేని ముసలివాళ్ళకు ఇల్లుగా మార్చింది. నడుమ వాకిలి. ఒక పక్క మగవాళ్ళ గది, ఎదురుగా ఆడవాళ్ళ గది. రెండు గదుల్లో కలిపి పద్నాలుగు మంది. పెత్తనం రామచంద్రయ్య పంతులుది. అతనూ నేనూ చిన్నప్పుడు సర్కారుది కాని ఒకే ఖాన్గీ బడిలో కూర్చున్నాం. అతను చదివి పంతులు అయ్యాడు. నేను నాలుగో పుస్తకం దగ్గర ఆగి వల పట్టాను. ఉగాది వెళ్ళాక పోయి అడిగితే, మొగుడున్న ఆడదాన్ని దిక్కులేనిదని ఎట్లా రాసుకోవాలని కాసేపు నసిగాడు. తర్వాత చేర్చుకున్నాడు. ఆ దయకు నేను రోజూ చేపలు పట్టుకుపోయేవాణ్ణి.

వంటా నీళ్ళూ ఇంద్రమ్మ చూసేది. ఊడ్చడం, పక్కలు మార్చడం, మలమూత్రాలు ఎత్తిపోయడం, పుండ్లు కడగడం సుసన్న పని. సుసన్న మాలవాడ మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. వాళ్ళ నాయన కాలంలోనే కిరస్తానంలో కలిశారు. పెళ్ళికి ముందు ఎక్కడో మిషను దవాఖానాలో పని చేసిందట. మనిషిని నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం ఆమెకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తొడ కింద పెట్టి, 'ఊపిరి తియ్యి అక్కా' అని, ఆ ఊపిరితో పాటే తిప్పేది. నేను తిప్పితే బుగ్గమ్మ కేక పెట్టేది.

రోత ఎత్తడానికి ఆ చెయ్యి కావాలి. మంచినీళ్ళకు ఆ చెయ్యి పనికిరాదు. అప్పుడు ఇది ఎవరికీ వింతగా లేదు. నాకూ లేదు.

వైశాఖంలో ఒక రోజు నడి మధ్యాహ్నం పోయాను. మామూలుగా సాయంత్రం పోయేవాణ్ణి. ఆ రోజు చేప తొందరగా పడింది. ఆడవాళ్ళ గది గుమ్మంలోకి వచ్చేసరికి సుసన్న నా భార్య తల కింద చెయ్యి పెట్టి చెంబుతో నీళ్ళు తాగిస్తున్నది. చెంబు కుండలో ముంచినదే. కుండ మూత పక్కన తీసి ఉంది.

"ఏం జేస్తున్నవ్" అన్నాను.

సుసన్న చెంబు కింద పెట్టింది. బుగ్గమ్మ తలను మెల్లగా దించింది. "దూప అంటున్నదన్నా. ఇంద్రమ్మక్క లేదు. పొద్దటిసంది అడుగుతున్నది."

"లేకపోతే ఆగాలె. కుండ ముట్టుమని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వలు చెప్పలే. నేనే ముట్టిన."

తల వంచుకొని ఉంటే నా కోపం అక్కడితో పోయేదేమో. ఆమె నా ముఖంలోకి చూసి చెప్పింది. నేను నేరుగా పంతులు దగ్గరికి పోయాను. నా భార్యను ఇక్కడ వదిలింది కులం పోగొట్టుకోవడానికి కాదన్నాను. పదిమందికీ వినపడేటట్టు అన్నాను. పంతులు భయపడ్డాడు. ఈ సంగతి నగరంలో సేటమ్మ దాకా పోతే అతని పని పోతుంది. కుండను వాకిట్లోకి తెప్పించి అందరూ చూస్తుండగా పగలగొట్టించాడు. ఇంకోసారి ఏ గదిలో కుండ ముట్టినా ఈ గేటు లోపలికి రానివ్వనని సుసన్నకు చెప్పాడు. ఆమె పెంకులు ఏరుకొని పోయి బయట పారేసి వచ్చింది. అదీ ఆమె పనే కదా.

నేను బుగ్గమ్మ దగ్గర కూర్చున్నాను.

"ఎందుకు గంత లొల్లి చేసినవ్" అంది. "రోజు నా ఒళ్ళు కడిగేది గామెనే."

"గది వేరు, గిది వేరు."

"నాకు దూపైంది."

"దూపైతే ఆగు. ఇంద్రమ్మ వస్తది. లేకుంటే నేనొస్త. ఇంకోసారి ఆమె చేతి నీళ్ళు తాగినవని తెలిసిందనుకో, నేను ఈ గడప తొక్క. నువ్విక్కడ ఉండు, నేనాడ ఉంట."

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"తాగను తియ్యి" అంది.

నేను తెచ్చిన చేపలతో ఇంద్రమ్మ సాయంత్రం పులుసు పెట్టింది. బుగ్గమ్మ తిన్నదో లేదో నేను అడగలేదు.

ఆషాఢంలో ఇంకొకటి మొదలైంది. ఆడవాళ్ళ గదిలో మైసమ్మ అని ఒక ముసలామె ఉండేది. మతి సరిగా లేదు. పొద్దుగూకే వేళకు చనిపోయిన కొడుకులను పేర్లు పెట్టి గట్టిగా పిలిచేది. వాళ్ళు చిన్నప్పుడు పొలం నుంచి రావడం ఆలస్యమైతే పిలిచినట్టు పిలిచేది. బాట మీద గస్తీ తిరిగే రజాకార్లకు అది వేరేగా వినపడింది. లోపల ఎవరో దళం వాళ్ళను పిలుస్తున్నారనుకున్నారు. ఒక సాయంత్రం తుపాకులతో లోపలికొచ్చారు. ముసలివాళ్ళను పక్కల మీది నుంచి లాగి చాపలు ఎత్తి చూశారు. గింజల కాగు వాకిట్లో బోర్లించారు. అడ్డం పోయిన పంతులును తుపాకి మడమతో భుజం మీద కొట్టారు. కమ్యూనిస్టు దొరకలేదు. దొరికితే ఇంటికి నిప్పు పెట్టేవాళ్ళమని చెప్పి పోయారు.

మర్నాటి నుంచి పంతులు అందరికీ నల్లమందు వేయించాడు. పొద్దున ఒకటి, మాపున ఒకటి, జొన్న గింజలో సగం. అఫీం దుకాణం ఊళ్ళోనే ఉంది. చంటిపిల్లలు ఏడుస్తుంటే తల్లులు నాకించే మందే కదా, తప్పేమిటి అన్నాడు. మైసమ్మ ఒక్కదానికి వేస్తే సరిపోయేది. ఆమె ఒక్కతి నిద్రపోతే ఇంకొకరు అరుస్తారేమోనని అతని భయం. పద్నాలుగు మందికీ వేశాడు.

నాకు అది మంచిగానే ఉంది. బుగ్గమ్మ ఏడవడం మానేసింది. ఇంటికి తీసుకుపొమ్మని అడగడం మానేసింది. నేను పోయేసరికి సగం కళ్ళు మూసుకొని ఉండేది. నొప్పి ఉందా అంటే లేదనేది. అంతకుముందు గంట కూర్చునేవాణ్ణి, ఇప్పుడు చేపలు ఇచ్చి నిలబడి చూసి వచ్చేవాణ్ణి.

మగవాళ్ళ గదిలో ఈశ్వరయ్య ఉండేవాడు. పూర్వం చావిడిలో నౌకరీ చేసినవాడు, మోకాళ్ళు పోయి కూర్చొని పాకేవాడు. ముప్పై ఏళ్ళుగా నల్లమందు అలవాటు. ఆ మందు పద్నాలుగు మందికీ మొదలైందని తెలిసి తెగ నవ్వాడు. "నాకిది ముప్పై ఏండ్ల పెండ్లాం శివన్నా. దాని సంగతి నాకు తెల్సు. వీళ్ళకు కొత్త పెండ్లాం. మొదలు మొదలు మంచిగనే ఉంటది. పుట్టింటికి పోయిననాడు చూడాలె" అన్నాడు. నేనూ నవ్వాను.

సుసన్న ఒకసారి గేటు దగ్గర నన్ను ఆపింది. అప్పటికి నాతో ఆమె మాట్లాడడం మానేసి నెల దాటింది. అక్క ఒళ్ళు కదలడం లేదని, మత్తులో ఒకే పక్కన పడి ఉండి వీపు కింద పుండు లోతుకు పోతున్నదని, ఆ గోళీ వద్దని పంతులుతో చెప్పమని అంది. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఆమె పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

శ్రావణం వచ్చేసరికి నిజాం రాజ్యం బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయింది. ఉప్పుకు కరువు, గాసునూనెకు కరువు. ఊరంతా ఆ మాటే. అఫీం దుకాణంలో కూడా డబ్బా అడుగు కనబడుతున్నదని ఎవరో అన్నారు. అది నాకు సంబంధం లేని మాట అనుకున్నాను. వినాయక చవితి వెళ్ళిన మూడో నాడు దుకాణం మూసేశారు.

ఆదివారం పోయేసరికి ఆ ఇల్లు ఇల్లులా లేదు. వాకిట్లోకే వాసన కొట్టింది. రెండు నెలలుగా మత్తులో ఉన్నవాళ్ళంతా ఒకేసారి మేలుకున్నట్టు మూలుగుతున్నారు. ఆడవాళ్ళ గదిలో సుసన్న ఒకరి తర్వాత ఒకరిని శుభ్రం చేస్తూనే ఉంది, చేయగానే వాళ్ళకు మళ్ళీ బేదులవుతున్నాయి. బుగ్గమ్మ ముక్కూ కళ్ళూ కారుతున్నాయి. ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడి ఉన్నాయి. వరసగా ఆవలిస్తున్నది. మంచి కాలు పక్క మీద కొట్టుకుంటున్నది.

"ఇంటికి తీస్కపో" అంది. చాలా రోజుల తర్వాత ఆ మాట అంది. గొంతు స్పష్టంగా ఉంది.

పంతులు వాకిట్లో ముక్కుకు గుడ్డ కట్టుకొని నిలబడ్డాడు. గత్తర అన్నాడు. రెండు రోజుల్లో పద్నాలుగు మందికి వాంతులూ బేదులూ అయితే ఇంకేమంటారన్నాడు. ఇంద్రమ్మ అప్పటికే మూట కట్టుకుంటున్నది.

ఈశ్వరయ్య మగవాళ్ళ గది గడప దాకా పాక్కుంటూ వచ్చాడు. అతనికీ ముక్కు కారుతున్నది. "గత్తర గాదు పంతులూ. గత్తరోడు ఆవలిస్తడా? మందు అందక గిట్లయితున్నది. నాలుగు దినాలు గంజి పోసి, నీళ్ళు పోసి చూసుకుంటే లేస్తరు. నీళ్ళు బందయితే పోతరు. గింతే" అన్నాడు.

పంతులు అతని వైపు చూడలేదు. నల్లమందు తినేవాడి మాట అని నేనూ పట్టించుకోలేదు. కానీ ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. గత్తర అయినా ఇంకేదైనా ఆమెను ఇంట్లో పెట్టుకుంటాను. ఎత్తుకొని పోదామంటే తుంటి. బండి కావాలి. ఊళ్ళో బండ్లన్నీ క్యాంపు వాళ్ళు తోలుకుపోయారు. రావిర్యాలలో నాకు తెలిసిన చెన్నయ్య దగ్గర ఒకటి ఉంది.

"రేపు పొద్దుగాల బండి తెస్త" అన్నాను బుగ్గమ్మతో. "అందాక ఓర్సుకో."

"వస్తవా?" అంది.

"వస్త."

చెన్నయ్య ఒప్పుకున్నాడు. తెల్లవారి తోలుకొస్తానన్నాడు. నేను తిరిగి వస్తుంటే ఊరి మొదట్లో క్యాంపు వాళ్ళు ఆపారు. అప్పటికే పాతిక మందిని పోగు చేశారు. యూనియన్ మిలట్రీ వస్తున్నదట, కోహెడ అవతల బెజవాడ పెద్ద బాటకు అడ్డంగా కందకం తవ్వాలట. నడవమన్నారు. నా భార్యకు గత్తర అని చెప్పాను. చెప్పిన వెంటనే రెండడుగులు వెనక్కి వేశాడు తుపాకి వాడు. అయితే నువ్వు అందరికీ దూరంగా చివరన తవ్వు అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు.

మూడు రోజులు తవ్వాను. వాన ఆగలేదు. తవ్విన కందకంలో నీళ్ళు నిలిచేవి, ఆ నీళ్ళు తోడి మళ్ళీ తవ్వించేవాళ్ళు. విమానాలు రెండుసార్లు మీది నుంచి పోయాయి. వాటిని చూసి తుపాకి వాళ్ళు కందకంలోకి దూకారు. వాళ్ళు దూకినప్పుడు మాలో ఒకడు చేలకు అడ్డంపడి పరుగెత్తాడు. వాణ్ణి పట్టుకొచ్చి మా ఎదుట కొట్టారు. చెయ్యి విరిగింది. ఆ తర్వాత ఎవరూ కదలలేదు. నేనూ కదలలేదు. నేను పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అరవై ఏళ్ళవాణ్ణి, దొరికేవాణ్ణేమో. పరుగెత్తలేదన్నది మాత్రం నిజం.

చెన్నయ్య బండి తోలుకొచ్చి ఉంటాడని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. రాలేదని తర్వాత తెలిసింది. సోమవారం తెల్లవారగానే మిలట్రీ హద్దు దాటిందని విని ఎద్దులను విప్పి గుట్టల్లోకి తోలేశాడు. అందరూ ఏదో ఒక దాన్ని కాపాడుకుంటున్న రోజులు అవి.

గురువారం తెల్లవారి లేచేసరికి తుపాకి వాళ్ళు లేరు. టోపీలు బురదలో పడి ఉన్నాయి. నేను ఎవరికీ చెప్పకుండా నడక మొదలుపెట్టాను. దారిలో ఊళ్ళు ఖాళీ. తలుపులు తాళాలు. ఇబ్రహీంపట్నం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. క్యాంపులో మనిషి లేడు, పొయ్యి మీద కాగు అట్లాగే ఉంది.

ముసలోళ్ళ ఇంటి గేటు తెరిచి ఉంది. చూరు కింద బకెట్లూ గిన్నెలూ వరసగా పెట్టి ఉన్నాయి, వాన నీళ్ళు నిండి పొర్లుతున్నాయి. పంతులు లేడు. ఇంద్రమ్మ లేదు. సోమవారమే పోయారని మగవాళ్ళ గదిలోంచి ఈశ్వరయ్య చెప్పాడు. అతను గోడకు ఆనుకొని కూర్చొని గంజి తాగుతున్నాడు. ముక్కు ఇంకా కారుతున్నది. కానీ తాగుతున్నాడు. అతని వెనుక ఇంకా అయిదుగురు కూర్చొనో పడుకొనో కనబడ్డారు. బతికి ఉన్నారు.

"అటు పో" అన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

ఆడవాళ్ళ గదిలో సుసన్న మూల కూర్చొని ఉంది. నన్ను చూసి లేచింది. నాలుగు రోజుల్లో ఆమె సగమైంది. బుగ్గమ్మ పక్క మీద తెల్లటి పాత చీర కప్పి ఉంది. ముఖం దాకా కప్పి ఉంది.

నేను చీర తీశాను. ఒళ్ళు శుభ్రంగా కడిగి ఉంది. తల దువ్వి ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. పెదాలు పగిలి నల్లబడ్డాయి. నాలుక కొంచెం బయటికి కనబడుతున్నది, ఎండిన తోలు ముక్కలా ఉంది. చెరువు ఎండిననాడు బురదలో చచ్చిన చేపలను నేను చాలా చూశాను. నాకు ఎవరూ చెప్పనక్కర లేదు.

"నీళ్ళు పొయ్యలేదా?" అన్నాను.

పక్క చాప మీద సక్కుబాయి అనే ఆమె కళ్ళు తెరిచి మమ్మల్ని చూస్తున్నది. ఈ గదిలో లేచి తిరగగలిగింది ఆమె ఒక్కతే.

"మంగళారం దాంక సక్కుబాయక్క పోసింది" అంది సుసన్న. "మాపటికి ఆమె పడిపోయింది. ఇగ ఎవ్వలు లేరు. నేనే ముంచిన. అందరికి పోసిన. అందరు తాగిండ్రు."

"మరి ఈమెకు?"

"ఈమె తాగలే."

"ఎందుకు తాగలే?"

"నువ్వు కోపానికొస్తవన్నది."

సుసన్న గొంతు పెంచలేదు. రోజూ ఎవరెవరికి ఎన్నిసార్లు బట్టలు మార్చిందో చెప్పేటప్పుడు ఎట్లా చెప్పేదో అట్లాగే చెప్పింది. "చెంబు నోటి కాడికి తీస్కపోతే మొకం తిప్పుకున్నది. మా ఆయిన బండి తెస్తనన్నడు, వచ్చి పోస్తడు అన్నది. తడిగుడ్డ పెదాల మీద పెట్టిన. తీసేసింది. నిన్న మాపున సక్కుబాయక్క కూడ చెప్పింది, తాగవే, నేను తాగిన, ఏమైంది అని. ఈమె వినలే. పొద్దుగాల పోయింది."

సక్కుబాయి చాప మీది నుంచి తల ఊపింది.

నేను మళ్ళీ చీర కప్పాను. కుండ గోడ పక్కనే ఉంది. మూత తీసి ఉంది. నిండుగా ఉంది.

ఆ సాయంత్రం చెరువు అలుగు పక్కన ఆమెను పూడ్చాను. కట్టెలన్నీ తడిసి ఉన్నాయి, కాల్చడానికి లేదు. ఈశ్వరయ్య రాలేడు. సుసన్న వస్తానంటే వద్దన్నాను. ఒంటరిగా మోయలేక చాపలో చుట్టి లాక్కుపోయాను. ఆ ఇంట్లో ఇంకో ఇద్దరు పోయారు, మైసమ్మ ఒకతె. మిగిలినవాళ్ళు లేచారు. ఈశ్వరయ్య చెప్పినట్టే అయిదారు రోజుల్లో లేచారు.

మర్నాడు నిజాం నవాబు లొంగిపోయాడని తెలిసింది. ఊళ్ళోకి జనం తిరిగొచ్చారు. పంతులు కూడా వచ్చాడు.

దసరా వెళ్ళిన వారానికి కొత్త సర్కారు తరఫున ఒక అధికారి వచ్చాడు. ముగ్గురు పోయారని నగరంలో సేటమ్మకు ఎవరో చెప్పారట, ఆమె అర్జీ పెట్టిందట. చావిడిలో కుర్చీ వేశారు. పంతులు రాసుకొచ్చిన కాగితం నిలబడి చదివాడు. ఇంట్లో గత్తర వచ్చిందని, వైద్యుణ్ణి తీసుకురావడానికి తాను నగరానికి బయలుదేరితే బాటలు మూసి ఉండి చేరలేకపోయానని రాశాడు. తాను లేనప్పుడు పనిమనిషి సుసన్న హద్దు మీరి నీళ్ళ కుండలు ముట్టిందని, రోత ఎత్తిన చేతులతో ముట్టడం వల్లనే రోగం ముదిరి ముగ్గురు పోయారని రాశాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. నేను దగ్గర నిలబడి చూశాను.

ఈశ్వరయ్యను ఇద్దరు మోసుకొచ్చారు. గత్తర కాదని, మందు సంగతి, పంతులు పారిపోయిన సంగతి అన్నీ చెప్పాడు. ఆమె నీళ్ళు పోయకపోతే మేమెవరం ఉండకపోదుమని చెప్పాడు. నువ్వు నల్లమందు తింటావా అని అధికారి అడిగాడు. తింటానన్నాడు. ఎన్నేళ్ళుగా అన్నాడు. ముప్పై అన్నాడు. చావిడి అంతా నవ్వింది. అధికారి కలం కాగితం మీద పెట్టనే లేదు.

సక్కుబాయిని పిలవలేదు. ఆడమనిషి చావిడికి ఎందుకన్నారు.

సుసన్న మెట్ల కింద నిలబడి ఉంది. పైకి రమ్మని ఎవరూ అనలేదు. ఆమె అధికారితో మాట్లాడలేదు. నాతో మాట్లాడింది.

"అన్నా, అక్క ఏమన్నదో నువ్వు చెప్పు" అంది. "నేను పోస్తె తాగలేదని చెప్పు. తాగినోళ్ళు బతికిండ్రు. గంతే చెప్పు, సాలు."

అందరూ నా వైపు తిరిగారు. పంతులు కూడా. అతని ముఖంలో రంగు లేదు. నేను ఆ ఒక్క మాట చెబితే అతని కాగితం చిరిగిపోతుందని అతనికి తెలుసు. చెబితే, ఎందుకు తాగలేదని తర్వాతి ప్రశ్న వస్తుందని నాకు తెలుసు.

"నీ భార్య ఎట్లా పోయింది" అని అధికారి అడిగాడు.

"నేను ఊళ్ళె లేను" అన్నాను. "కోహెడ కాడ కందకం తవ్వుతున్న. నాకేం తెల్వదు."

"గత్తర అని రాశారు. నీకు అభ్యంతరం ఉందా?"

"లేదు."

సంతకం పెట్టగలవా అన్నాడు. పెడతానన్నాను. పంతులు తన కలం ఇచ్చాడు. పేరు పూర్తిగా రాశాను, ఒత్తులు తప్పు పోకుండా. తల ఎత్తి చూసేసరికి మెట్ల కింద సుసన్న లేదు.

ఆమెను ఆ ఇంట్లోంచి తీసేశారు. మాలవాడలో కూడా చాలా రోజులు ఉండలేదని, నగరానికి పోయిందని విన్నాను. ఎక్కడికి పోయిందో నేను అడగలేదు. పంతులు ఇంకో ఆరేళ్ళు ఆ ఇంటిని నడిపాడు. బాట మీద ఎదురుపడితే నేను ముందు నమస్కారం పెడతానేమోనని చూసేవాడు. నేను పెట్టలేదు. అతను చనిపోయిననాడు పోలేదు. సుసన్న స్థానంలో వచ్చినవాళ్ళకు మనిషిని తిప్పడం రాదు. ఆ కేకలు బాట దాకా వినపడేవి. తర్వాత ఇల్లు మూతపడింది.

ఆ ఇంట్లో నా భార్యను సరిగా చూసుకోలేదని నేను మొదట రాశాను. దాన్ని మార్చను. పంతులు చూసుకోలేదు, ఇంద్రమ్మ చూసుకోలేదు, నేను చూసుకోలేదు. చూసుకున్న మనిషి ఒక్కతే, ఆమెను చూసుకోనివ్వలేదు.

చావిడిలో చెప్పవలసిన రోజున చెప్పలేదు. ఇప్పుడు రాసినందువల్ల సుసన్నకు ఒరిగేది ఏమీ లేదు, బుగ్గమ్మకు అంతకన్నా లేదు. ఆ పోరాటం రోజుల గురించి చెప్పమని నా దగ్గరికి అప్పుడప్పుడూ మనుషులు వస్తుంటారు. కందకం గురించి అడిగితే చెబుతాను. విమానాల గురించి అడిగితే చెబుతాను. నా భార్య గురించి అడిగితే లేచి లోపలికి పోతాను. ఇది చదివి వచ్చినవాళ్ళైనా సరే. ఈ మాట నా నోట ఇక రాదు.